పెంపుడు జంతువుకు కారుణ్య మరణం ఇప్పించాక: దుఃఖాన్ని, అపరాధ భావాన్ని తట్టుకోవడం ఎలా?

ఇంట్లో పెరిగిన కుక్కో పిల్లో వయసు మీరి దానంతటదే పోతే ఏడుస్తాం. మనమే ఒప్పుకుని, కాగితం మీద సంతకం పెట్టి, డాక్టర్ చేత ఇంజెక్షన్ ఇప్పించి సాగనంపితే ఆ ఏడుపుతో పాటు ఇంకో మాట కూడా మనసులో చేరుతుంది: 'నా చేతులతో నేనే చంపుకున్నాను.' రాత్రి పడుకోగానే అది మొదలవుతుంది, తెల్లారి లేచేసరికి అక్కడే ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు "నీ తప్పేం లేదు, ఊరుకో" అంటారు. ప్రేమతోనే అంటారు గానీ, మీ మనసు అడుగుతున్న ప్రశ్నలకు అందులో జవాబు ఉండదు. అందుకే ఆ మాటతో ఊరట దొరకదు.

ముందుగా ఒక సంగతి. దుఃఖం వేరు, అపరాధ భావం వేరు. దుఃఖానికి కాలం కావాలి, తోడు కావాలి. అపరాధ భావానికి విచారణ కావాలి. ఏ విషయంలో తప్పు చేశానని అనిపిస్తోందో విడివిడిగా చూసి, ఒక్కొక్కదానికీ నిజమైన జవాబు వెతుక్కోవాలి. ఈ వ్యాసంలో పెద్ద భాగం ఆ పనికే కేటాయించాను. చాలామంది చిక్కుకుపోయేది అక్కడే.

మొదటి దశ: తొలి రోజుల్లో పెద్ద నిర్ణయాలేవీ వద్దు

మొదటి కొద్ది రోజులు తిండి సహించదు, నిద్ర పట్టదు. తలుపు తీయగానే కళ్ళు వాటంతటవే నేలవైపు వెళ్తాయి. పక్క గదిలో గోళ్ళ చప్పుడు వినిపించినట్టే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ చప్పుడుకు అలవాటుపడ్డ చెవి ఇంకా దానికోసం వెతుకుతోంది. మతి చెడుతోందని భయపడకండి.

మందుల వేళకని ఫోన్‌లో పెట్టుకున్న అలారం ఒకటి ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి అది మోగుతుంది. చేయి మందుల డబ్బా వైపు సగం దూరం వెళ్ళి ఆగిపోతుంది. ఎలాగోలా నెట్టుకొచ్చిన రోజంతా ఆ ఒక్క క్షణంలో కూలిపోతుంది. అందుకే ఆ అలారాన్ని మీరే కూర్చుని, తెలిసి ఆపేయండి. టీకాల గురించి క్లినిక్ నుంచి వచ్చే మెసేజ్‌లు కూడా ఆపించాలి. ఆ ఫోన్ చేసే పని ఇంట్లో వేరొకరికి అప్పగించండి.

గిన్నె, పరుపు, మెడ బెల్టు అప్పుడే పారేయకండి. చూడలేకపోతే ఒక పెట్టెలో పెట్టి కంటికి కనబడని చోట ఉంచండి. 'ఇక జన్మలో జంతువును పెంచను' అని ఒట్టు పెట్టుకోవద్దు. ఇల్లు బోసిపోయిందని మర్నాడే ఇంకో జంతువును తెచ్చుకోవద్దు. మిగిలిపోయిన మందులను కాలువలో పోయకుండా క్లినిక్‌కు తిరిగి ఇచ్చేయండి. సొంత స్థలంలో పూడ్చిపెట్టేటట్టయితే గొయ్యి బాగా లోతుగా ఉండాలి. ఇంజెక్షన్ మందు శరీరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది, తవ్వి తిన్న జంతువులకు అది విషమవుతుంది.

రెండో దశ: ఆ గదిలో ఏం జరిగిందో తెలుసుకోండి

'కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, నన్నే చూసింది.' 'చివర్లో గట్టిగా ఊపిరి పీల్చింది, బతకాలని చూసిందేమో.' ఇలాంటి దృశ్యాలు మనసులో ముద్రపడిపోయి నెలల తరబడి వెంటాడతాయి. వాటికి శరీరధర్మం చెప్పే సమాధానం ఉంది. తెలుసుకుంటే ఆ దృశ్యం చెరిగిపోదు గానీ, దాని అర్థం మారుతుంది.

సాధారణంగా ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. జంతువు మగతలోకి జారాక సిరలోకి అసలు మందు ఎక్కిస్తారు. ఎక్కువగా వాడేది పెంటోబార్బిటాల్. అది బార్బిట్యురేట్ తరగతికి చెందిన మత్తుమందు. శస్త్రచికిత్స కోసం స్పృహ తప్పించడానికి వాడే కోవలోదే, కాకపోతే మోతాదు చాలా ఎక్కువ. అది మొదట మెదడు మీద పనిచేస్తుంది. సిరలోకి వెళ్ళిన కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. తర్వాత ఊపిరి ఆగుతుంది, ఆ తర్వాత గుండె. డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి గుండె ఆగిందని నిర్ధారించుకున్నాకే ఆ మాట చెబుతారు. మీరు గుర్తుంచుకోవలసింది ఈ వరుస: ఊపిరి ఆగడాన్ని తెలుసుకునే స్థితిలో అది అప్పటికే లేదు.

కళ్ళు తెరిచి ఉండటం మామూలే. రెప్పలు మూతపడాలంటే కండరాలు పనిచేయాలి, అవి అప్పటికే సడలిపోయాయి. గుండె ఆగాక కూడా ఒకటి రెండు పెద్ద ఊపిరులు, కాళ్ళలో అదురు, మూత్రం పడిపోవడం జరగవచ్చు. ఇవన్నీ స్పృహతో సంబంధం లేకుండా శరీరం దానంతటది చేసే చర్యలు.

అన్నిసార్లూ సజావుగా జరగదన్న మాటా నిజమే. నీరసించి రక్తపోటు పడిపోయిన జంతువుకు సిర దొరకడం కష్టం, రెండు మూడుసార్లు సూది గుచ్చాల్సి రావచ్చు. కొన్ని మత్తుమందులు ఎక్కేటప్పుడు మంట పుట్టిస్తాయి, అప్పుడు అది మూలిగి ఉండవచ్చు. ఆ నొప్పి నిజమే. లేదని మిమ్మల్ని మీరు నమ్మించుకోవద్దు. ఆ నొప్పి అంతకుముందు వారాల తరబడి అది పడ్డ బాధ పక్కన ఎంతసేపు ఉందో మాత్రం చూడండి.

మూడో దశ: అపరాధ భావాన్ని ప్రశ్నలుగా విడగొట్టండి

ఒక కాగితం తీసుకోండి. 'నేను తప్పు చేశాను' అని రాయకండి, అది మరీ పెద్ద మాట. ఏ రోజు, ఏ పని, ఏ మాట విషయంలో తప్పనిపిస్తోందో ఒక్కో వాక్యంగా రాయండి. చిక్కుపడ్డ నూలును ఒక్కసారిగా లాగితే ముడి ఇంకా బిగుస్తుంది, కొసలు ఒక్కొక్కటే పట్టుకుని విప్పాలి. ఎక్కువమంది కాగితం మీద కనిపించేవి ఇవే.

"తొందరపడ్డానా? ఆ రోజు పొద్దున కూడా తోక ఊపింది." అందరికంటే ఎక్కువగా కుదిపేసే ప్రశ్న ఇది. క్లినిక్‌కు వెళ్ళే రోజునే అది నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది, లేచి గుమ్మం దాకా వస్తుంది. ఒక మంచి పూట కనబడిందంటే జబ్బు వెనక్కి తగ్గిందని కాదు. దీర్ఘకాలిక రోగంలో మంచి పూటలూ చెడ్డ పూటలూ కలిసే ఉంటాయి. తనవాళ్ళు చుట్టూ చేరితే నొప్పిలోనూ తోక ఊపడం కుక్క స్వభావం. పిల్లులైతే నొప్పిని దాచుకోవడంలో మరీ గట్టివి.

ఊరికే ఇలా అనుకుంటే నమ్మకం కుదరకపోవచ్చు, లెక్క వేసి చూడండి. అమెరికా పశువైద్యురాలు, జంతువుల క్యాన్సర్ నిపుణురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలమానం ఇచ్చారు. అందులో ఏడు అంశాలున్నాయి: నొప్పి (ఊపిరి సరిగా ఆడటం కూడా ఇందులోకే వస్తుంది), ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువగా ఉండటం. ఒక్కోదానికి 0 నుంచి 10 వరకు మార్కులు, స్థితి బాగుంటే 10. మొత్తం 35 దాటితే బతుకు ఫర్వాలేదని లెక్క. దాని చివరి వారానికి మార్కులు వేయండి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోని ఒక వారానికీ వేయండి. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ పొద్దున ఊపిన తోక ఎంత పెద్ద చిత్రంలో చిన్న ముక్కో అర్థమవుతుంది.

"ఆలస్యం చేశానా? బాధపెట్టి బాధపెట్టి పంపానా?" చిత్రమేమిటంటే, తొందరపడ్డానని కుమిలే మనిషే గంట తర్వాత ఆలస్యం చేశానని కుములుతాడు. ఈ రెండూ ఒకేసారి నిజం కాలేవు. మీ కాగితం మీద రెండూ ఉంటే, పక్కపక్కన రాసి కాసేపు చూడండి. సరైన రోజంటూ ఒకటి ఎక్కడో రాసి ఉందని, దాన్ని మీరు తప్పిపోయారని మనసు అనుకుంటోంది. నిజానికి నయంకాని జబ్బులో అటూ ఇటూ కొన్ని రోజుల, కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. అందులో ఏ రోజు ఎంచుకున్నా ఈ దుఃఖం తప్పేది కాదు. బతుకు, చావు అని రెండు దారులు మీ ముందు లేవు. ఉన్నవి రెండు రకాల చావులు: ఊపిరాడక, మూర్ఛలతో, ఏ అర్ధరాత్రో ఎవరూ లేనప్పుడు వచ్చేది ఒకటి, నొప్పి తెలియకుండా వచ్చేది ఒకటి.

"ముందే ఎందుకు గమనించలేదు?" ఫలితం తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే అంతా స్పష్టంగా కనబడుతుంది. అప్పుడే తెలిసి ఉండాల్సిందని అనిపిస్తుంది. మనసు చేసే ఈ పొరపాటును మనస్తత్వ శాస్త్రవేత్త బరూక్ ఫిష్‌హాఫ్ 1975లోనే ప్రయోగాలతో చూపించారు. ఇక జబ్బుల తీరు చూడండి. పిల్లుల్లో మూత్రపిండాల పనితీరు మూడింట రెండొంతులు దెబ్బతినేదాకా పైకి పెద్దగా తేడా కనిపించదు. కుక్కల ప్లీహంలో వచ్చే హెమాంజియోసార్కోమా అనే కంతి చాలాసార్లు పగిలి లోపల రక్తస్రావం అయ్యేదాకా బయటపడదు. పొద్దున ఆడుకున్న కుక్క సాయంత్రానికి కూలబడిపోతుంది. మీ ప్రశ్నను ఇలా మార్చి అడగండి: 'ఆ రోజు నాకు తెలిసిందేమిటి? తెలిసినదాన్ని బట్టి నేను చేసిందేమిటి?' జవాబు కూడా రాయండి.

"డబ్బు లేక చంపుకున్నానా?" ఈ ప్రశ్నను మనుషులు పైకి అనరు, సిగ్గుపడతారు. వైద్యం ఖర్చుకు హద్దు లేదు, ఇంటికి హద్దు ఉంది. కుటుంబం అప్పుల్లో కూరుకుపోకుండా చూసుకోవడం ప్రేమ లేకపోవడం కిందికి రాదు. చాలాసార్లు ఆ ఖరీదైన చికిత్స కూడా కొన్ని నెలల గడువునే ఇచ్చేది, ఆ నెలల్లో ఎక్కువ భాగం ఆసుపత్రి బోనులోనే గడిచేది. ఆ సంగతి మీ డాక్టర్‌నే సూటిగా అడిగి తెలుసుకోవచ్చు.

"చివరి క్షణంలో పక్కన ఉండలేకపోయాను." ఉండలేని వాళ్ళున్నారు. కాళ్ళు వణికి బయటికి వచ్చేసినవాళ్ళు, ఊళ్ళో లేనివాళ్ళు. మత్తు ఎక్కాక పక్కన ఎవరున్నారో దానికి తెలియదు. అంతకు ముందు నిమిషాల్లో మాత్రం తెలుస్తుంది, ఆ బాధను తీసిపారేయలేను. అయితే దాని బతుకంతా లెక్కవేస్తే మీరు పక్కన ఉన్న పూటలు ఎన్ని?

"అది పోయాక నాకు హాయిగా అనిపించింది." నెలల తరబడి రాత్రుళ్ళు లేచి శుభ్రం చేసి, మందులు మింగించి, ఎప్పుడేమవుతుందో అని బిక్కుబిక్కుమన్నవారికి ఆ భారం దిగగానే ఊపిరి తేలికవుతుంది. అది శరీరం అలసట. దాని చావును మీరు కోరుకున్నారని ఎవరన్నా నేను ఒప్పుకోను.

జబ్బు లేకపోయినా కరిచే గుణం వల్ల, ఇంట్లో పసిపిల్లకో బయటివాళ్ళకో ప్రమాదమని సాగనంపినవాళ్ళ బరువు ఇంకా ఎక్కువ. పైకి చెప్పుకుంటే లోకం కఠినంగా చూస్తుంది. శిక్షణ ఇప్పించి, నిపుణులను అడిగి, వేరే దారి లేదని తేలాకే ఆ నిర్ణయం తీసుకుని ఉంటారు. నిత్యం భయంతో, కోపంతో రగిలిపోయే జంతువు కూడా బాధలోనే ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇవన్నీ విడదీశాక ఒకటో రెండో వాక్యాలు నిజంగానే తప్పుగా మిగలవచ్చు. గడ్డ కనబడినా రెండు నెలలు వాయిదా వేశారు. డాక్టర్ చెప్పిన పరీక్ష చేయించలేదు. దాన్ని దాచేయవద్దు. కాగితం మీద ఉన్నదున్నట్టు ఒకే వాక్యంగా రాయండి, పెంచొద్దు, తగ్గించొద్దు. 'రెండు నెలలు వాయిదా వేశాను' అన్నది నిజం. 'నేనే చంపాను' అన్నది దాన్ని పెంచి చెప్పడం. ఆ పొరపాటును ఆ పరిమాణంలోనే ఒప్పుకుని, దానికి క్షమాపణ చెప్పుకోండి, పైకే చెప్పండి. తర్వాత ఆ పాఠం ఇంకో జంతువుకు అందేలా ఏదైనా చేయండి: ఇంట్లో మిగిలినదానికి ఏటా పరీక్ష చేయించడం, పక్కింటివాళ్ళ కుక్కకు గడ్డ కనబడితే వెంటనే చూపించమని చెప్పడం.

నాలుగో దశ: డాక్టర్‌తో మళ్ళీ ఒకసారి మాట్లాడండి

దీన్ని చాలామంది దాటేస్తారు. ఆ క్లినిక్ మెట్లు మళ్ళీ ఎక్కలేం అంటారు. ఫోన్‌లో మాట్లాడినా చాలు. రెండు మూడు వారాలు ఆగి, మీ కాగితం మీది ప్రశ్నల్లో వైద్యానికి సంబంధించినవి ఏరి అడగండి. "ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేది?" "మేం ముందే వచ్చి ఉంటే చికిత్స ఉండేదా?" "చివర్లో ఆ మూలుగు ఎందుకు వచ్చింది?" పరీక్షల రిపోర్టుల కాపీలు కూడా అడగండి. ఆ రోజు డాక్టర్ చెప్పినవి మీ చెవిన పడి ఉండవు. జవాబు మీకు నచ్చనిది కావచ్చు. అయినా ఊహించుకుని కుమలడం కంటే తెలిసిన నిజం మోయడం తేలిక.

ఐదో దశ: దానికి ఒక ఉత్తరం రాయండి

మనసులోని లోతైన బాధను రాసుకోవడం మీద 1986లో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెనెబేకర్ ప్రయోగం చేశారు. అందులో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. రాసిన రోజున మనసు ఇంకాస్త కుంగినా, తర్వాతి నెలల్లో వాళ్ళు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. మీరూ అలాగే రాయండి. భాష, అక్షర దోషాలు చూసుకోకండి. మొదటి రోజు ఆ చివరి రోజు గురించి, తర్వాతి రోజు అది ఇంటికొచ్చిన రోజు గురించి, ఆ తర్వాత ఏది తోస్తే అది. అపరాధ భావం చివరి అరగంటనే పట్టుకుని వేలాడుతుంది. అది మీ చెప్పు ఎత్తుకెళ్ళి మంచం కింద దాక్కున్న రోజు, మీకు జ్వరమొస్తే కాళ్ళ దగ్గర నుంచి కదలని రాత్రి కూడా కాగితం మీదికి రావాలి. మరీ తట్టుకోలేనంతగా అనిపిస్తే ఆపేయండి.

ఆరో దశ: ఎవరితో మాట్లాడాలో ఎంచుకోండి

"కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకో" అనేవాళ్ళుంటారు. సమాజం గుర్తించని దుఃఖం గురించి పరిశోధకుడు కెనెత్ డోకా 1989లో ప్రత్యేకంగా రాశారు. సెలవు దొరకదు, పరామర్శకు ఎవరూ రారు, ఏడిస్తే నవ్వుతారు. అందుకే ఆ దుఃఖం లోపలే ముడుచుకుపోతుంది. అందరికీ అర్థమయ్యేలా చెప్పే బాధ్యత మీద వేసుకోకండి. ఒకరో ఇద్దరో చాలు, జంతువును పెంచి పోగొట్టుకున్నవాళ్ళయితే మరీ మంచిది. ఆఫీసులో "ఇంట్లో ఒకరు పోయారు, రెండు రోజులు కష్టంగా ఉంటుంది" అంటే సరిపోతుంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఇంట్లోవాళ్ళ మధ్య ఇంకో చిక్కు. ఒకరు సంతకం పెట్టి ఉంటారు, ఇంకొకరు వద్దని ఉంటారు. "నువ్వే తొందరపెట్టావు" అనే మాట ఒక్కసారి జారితే ఏళ్ళు గుర్తుండిపోతుంది. ఆ నిర్ణయం 'మనం తీసుకున్నాం' అని ఇంటి పెద్దలు ఒకసారి అందరి ముందూ అనడం మంచిది. ఒకరు ఏడ్చి, ఒకరు పనిలో తల దూర్చి బాధపడతారు. ఏడవనివాళ్ళకు ప్రేమ లేదనుకోవద్దు.

ఏడో దశ: పిల్లలకు నిజం, మిగిలిన జంతువులకు కాస్త గమనింపు

చిన్నపిల్లలకు 'నిద్రపుచ్చారు' అని చెప్పకండి. రాత్రి పడుకోవడానికి, రేపు ఎప్పుడైనా ఆపరేషన్ కోసం మత్తు ఇస్తామంటే భయపడతారు. 'పారిపోయింది' అంటే కిటికీ దగ్గర ఎదురుచూస్తారు. "దాని ఒళ్ళు బాగుపడని జబ్బుతో చాలా నొప్పి పడింది, డాక్టర్ మందు ఇస్తే నొప్పి లేకుండా చనిపోయింది, ఇక తిరిగి రాదు" అని చెప్పండి. చావు శాశ్వతమన్న సంగతి చాలామంది పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య అర్థమవుతుంది. అంతకంటే చిన్నవాళ్ళు 'ఎప్పుడొస్తుంది' అని పదేపదే అడుగుతారు, విసుక్కోకుండా అదే జవాబు చెప్పండి. తాము అల్లరి చేసినందుకే పోయిందని అనుకునే పిల్లలూ ఉంటారు. వాళ్ళు అడగకపోయినా, అలా కాదని చెప్పండి.

ఇంట్లో రెండో జంతువు ఉంటే అది వెతుకుతుంది, తిండి తగ్గిస్తుంది. భోజనం, నడక వేళలు మార్చకండి. పిల్లి ఒకరోజుకు మించి ఏమీ ముట్టకపోతే ఆగవద్దు, డాక్టర్‌కు చూపించండి. తిండి మానేసిన పిల్లుల్లో కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

ఎనిమిదో దశ: రోజులను మళ్ళీ కూర్చుకోవడం

దుఃఖానికి ఐదు మెట్లు ఉంటాయని, వరుసగా ఎక్కాలని ఒక అభిప్రాయం ప్రచారంలో ఉంది. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశలను చెప్పింది మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి. వాటిని పరీక్షలా పెట్టుకుని 'నేనింకా మూడో మెట్టులోనే ఉన్నాను' అని బెంగపడొద్దు. 1999లో స్ట్రోబ్, షూట్ అనే పరిశోధకులు చెప్పింది నాకు ఎక్కువ నిజమనిపిస్తుంది. మనిషి కాసేపు పోయినదాని వైపు, కాసేపు సాగాల్సిన బతుకు వైపు ఊగుతూ ఉంటాడని, ఆ ఊగడమే కోలుకోవడమని వాళ్ళు అన్నారు. పొద్దున నవ్వి సాయంత్రం ఏడిస్తే వెనక్కి జారినట్టు కాదు.

దాన్ని నడకకు తీసుకెళ్ళే వేళ ఖాళీ పడుతుంది. మీరొక్కరే వెళ్ళండి, మొదట్లో వేరే దారిలో. పెట్టెలో పెట్టిన వస్తువులను కొన్ని వారాల తర్వాత తీసి, ఒకటి ఉంచుకుని మిగిలినవి జంతు సంరక్షణ కేంద్రానికి ఇవ్వవచ్చు, లేదా అన్నీ ఉంచుకోవచ్చు.

ఇక, వారాలు గడుస్తున్నా పనికి వెళ్ళలేకపోతున్నా, తాగుడు పెరిగినా, నిద్ర పూర్తిగా పోయినా, ఆ గది దృశ్యం పగలంతా తిరుగుతున్నా మానసిక వైద్యుణ్ణి కలవండి. అది పోయినప్పుడు నేనూ పోవాల్సిందన్న ఆలోచన వస్తే ఇవాళే ఎవరికైనా చెప్పి, సాయం తీసుకోండి. 'జంతువు కోసమా' అని వాళ్ళు అడుగుతారేమోనన్న సంకోచం పెట్టుకోవద్దు. పాత దుఃఖాలు, అమ్మనో నాన్ననో కోల్పోయిన బాధ, ఈ చావుతో మళ్ళీ లేవడం మామూలే.

తొమ్మిదో దశ: ఇంకో జంతువును తెచ్చుకోవాలా?

దీనికి గడువు లేదు. నా ఉద్దేశంలో చూడాల్సింది ఒక్కటే: కొత్తదాన్ని ఊహించుకున్నప్పుడు మీ కళ్ళముందు పాతదే కనబడుతోందా, లేక వేరే ప్రాణి కనబడుతోందా? పాతదే కనబడుతుంటే ఇంకొన్నాళ్ళు ఆగండి. అదే జాతి, అదే రంగు, అదే పేరు పెట్టి తెచ్చుకుంటే దాని అలవాట్లు వేరని తెలిసిన రోజున దానికీ మీకూ అన్యాయమే జరుగుతుంది. ఇంట్లో అందరూ సిద్ధంగా ఉన్నారో లేదో అడగండి, ముఖ్యంగా సంతకం పెట్టినవాళ్ళను. నిర్ణయించుకోలేకపోతే ముందు జంతు సంరక్షణ కేంద్రంలో వారానికో పూట సాయం చేయవచ్చు, లేదా ఇల్లు దొరికేదాకా ఒకదాన్ని కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకోవచ్చు.